మెట్టుగూడలో మట్టిగూళ్ళు

యాదగిరి సార్ పోయారని నాకు పదిహేను రోజుల తర్వాత గానీ తెలియలేదు. మౌలాలిలో వాళ్ళ అమ్మాయి ఇంటికి పలకరించడానికి వెళ్ళాను. మాటలన్నీ అయ్యాక ఆవిడ లోపలికి వెళ్ళి, అట్ట ఊడిపోయిన పొడుగు నోటుబుక్కు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాయిన పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేసినం మేడం. ఇది మాత్రం మీకే ఇయ్యమన్నడు. మీ రాతేనంట గదా," అంది. తెరిచి చూశాను. పేజీ మధ్య స్కేలు పెట్టి గీసిన నిలువు గీత. గీతకు ఎడమ పక్క 'చూసింది' అని, కుడి పక్క 'అనుకున్నది' అని, పన్నెండేళ్ళ పిల్ల గుండ్రటి అక్షరాలు. ఎడమ పక్కంతా కిక్కిరిసి ఉంది. కుడి పక్క చాలాచోట్ల కొట్టివేతలే. ఆ కొట్టివేతలు సార్ చేయించినవి. జంతువుల నడవడిక గురించి కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఎక్కడ చదువుకున్నావని అడిగినవాళ్ళందరికీ యూనివర్సిటీ పేరే చెబుతూ వచ్చాను. అసలు చదువుకున్నది మెట్టుగూడలో, మా క్వార్టర్ వెనక వరండాలో, చాకిరేవు బండ మీద కూర్చుని.

రైల్వే క్వార్టర్సులో మేం ముగ్గురం ఉండేవాళ్ళం. పెద్దమ్మ, పెదనాన్న, నేను. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఆమెకు పిల్లల్లేరు. తెనాలిలో మా అమ్మానాన్నలకు వరసగా నలుగురు ఆడపిల్లలం. మూడో ఏట నన్ను పెద్దమ్మ చేతుల్లో పెట్టారు. కాయితాలూ కార్యక్రమాలూ ఏమీ జరగలేదు. 'కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకో అక్కా' అన్నారట, అంతే. ఆ కొన్నాళ్ళు తొమ్మిదేళ్ళయ్యాయి. పెదనాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. ఆయన వీధి మలుపు తిరుగుతుండగానే ఇంజన్ నూనె, బొగ్గు, బీడీ కలిసిన వాసన ఇంట్లోకి వచ్చేది. పెద్దమ్మ ఆదివారం ఆదివారం ఆయన ఖాకీ బట్టలు సబ్బుసోడాలో ఉడకబెట్టి, గంజి పెట్టి, నిప్పుల ఇస్త్రీపెట్టెతో రుద్దేది. వేడి తగలగానే గంజిలోంచి లేచే ఆ అన్నం వాసన, దాని కింద ఎంత ఉతికినా పోని నూనె వాసన, ఇప్పటికీ ఏ లాండ్రీ ముందు నుంచి నడిచినా నా ముక్కు వెతుక్కుంటుంది. తెల్లారి నాలుగింటికే లేచి ఆమె బొగ్గుల పొయ్యి రాజేసేది. ఆ పొగలో కాఫీ కాచి, పెదనాన్నకు గ్లాసు, తనకు గ్లాసు పోసి, నాకు మాత్రం పాలలో రెండు చుక్కలు కలిపి 'నీది కూడా కాఫీయే' అనేది. పనిచేస్తున్నంతసేపూ మాట్లాడని మనిషి. పని అయిపోయాక, మధ్యాహ్నం రెండింటికి, చాప పరుచుకుని పడుకున్నప్పుడు మాత్రం కథ చెప్పేది.

ఎన్ని కథలు చెప్పినా చివరికి ఒక కథ దగ్గరికే వచ్చేది. వెనక వరండాలో కిటికీ చట్రం మీద మట్టిగూళ్ళు ఉండేవి. బొటనవేలంత చిన్న కుండలు, మూతి కూడా కుండ మూతిలాగే బయటికి తిరిగి ఉండేది. సన్న నడుం కందిరీగలు వాటిని కట్టేవి. ఎవరి ఇంట్లోనైనా చీపురుతో రాల్చేస్తారు. పెద్దమ్మ రాల్చనిచ్చేది కాదు. "అది తుమ్మెదమ్మా. దానికి బిడ్డల్లేరు. ఆకు మీద ఉన్న పురుగుని ఎత్తుకొచ్చి గూట్లో పెట్టుకుంటుంది. చుట్టూ తిరుగుతూ జుమ్ముమని పాడుతుంది. నాలా అవు, నాలా అవు అని. పురుగు దాన్నే తలుచుకుని తలుచుకుని, ఒకరోజు దానిలాగే రెక్కలతో బయటికొస్తుంది," అనేది. పెద్దవాళ్ళు దీన్నే భ్రమరకీటక న్యాయం అంటారని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు న్యాయాలేమీ తెలియవు. ఆ పురుగు నేనేనని మాత్రం తెలుసు. నా చెయ్యి తన చేతి పక్కన పెట్టి, 'చూడు, గోళ్ళు కూడా నావే వచ్చాయి నీకు' అనేది పెద్దమ్మ.

ఆ వేసవి సెలవులకు ముందు తెనాలి నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దక్క పెళ్ళయి వెళ్ళిపోయిందనీ, ఇల్లు బోసిపోయిందనీ, పిల్లని ఇక పంపిస్తే ఇక్కడే చదువుకుంటుందనీ అమ్మ రాసింది. పెద్దమ్మ ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పోపులపెట్టె కింద దాచింది. జవాబు రాయలేదు. పెదనాన్న రెండుసార్లు "ఏమంటావు?" అని అడిగి ఊరుకున్నాడు. ఆ రోజుల్లో ఆమె తుమ్మెద కథ ఎక్కువగా చెప్పేది. నాకేమో అది నిజమేనా అనే అనుమానం అప్పుడే మొదలైంది. ఆరో క్లాసు సైన్సు పుస్తకం చదివిన గర్వం కూడా కొంత ఉంది.

పక్క క్వార్టర్లో యాదగిరి సార్ ఉండేవారు. ఆయన భార్య రైల్వే ఆసుపత్రిలో నర్సు కాబట్టి ఆ క్వార్టర్ వాళ్ళకు వచ్చింది. సార్ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. రాంగోపాల్‌పేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఏ పురుగు కనబడినా సైకిల్ దిగి ఒంగి చూసేవారు. వెళ్ళి అడిగాను.

"సార్, గూట్లో పెట్టిన పురుగు నిజంగా తుమ్మెదవుతుందా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"మా పెద్దమ్మ. తను కళ్ళారా చూసిందట."

"ఏమేం చూసింది?"

"పురుగును లోపలికి తీసుకుపోవడం చూసిందట. జుమ్మనడం విందట. తర్వాత రెక్కలతో బయటికి రావడం కూడా చూసిందట."

"మరి గవన్నీ నిజమే గదా! మీ అమ్మ అబద్ధం చెప్పలే," అన్నారు సార్. పెద్దమ్మను ఆయన ఎప్పుడూ 'మీ అమ్మ' అనేవారు. "లోపలికి పోయింది నిజం. బయటికి వచ్చింది నిజం. మధ్యల ఏం జరిగిందో ఎవ్వరు చూడలే. జెర ఓపిక ఉంటే మనం చూద్దాం. ఉన్నదా?"

ఉందన్నాను. అలా షురూ అయింది ఆ నోటుబుక్కు.

మొదటిరోజు నేను ఎడమ పక్క రాసిన మొదటి వాక్యం: 'తల్లి కందిరీగ తన బిడ్డ కోసం చాలా కష్టపడుతోంది.' సార్ చదివి నవ్వారు. "కష్టం నీకు యాడ కనబడ్డది బిడ్డా? ఎన్నిసార్లు పోయింది, ఎన్నిసార్లు వచ్చింది, ఏం తెచ్చింది, గది రాయి. కష్టమో సుఖమో దాన్ని అడుగుదామంటే దానికి మాట రాదాయె." ఆ వాక్యాన్ని కుడి పక్కకు మార్పించారు. మర్నాడు అక్కడ కూడా కొట్టేయించారు. మా కిటికీ దగ్గరికి వచ్చే కందిరీగలు రెండా, నాలుగా అన్నది కూడా చూసి చెప్పడానికి వీల్లేదని ఆయనే పట్టించారు. అన్నీ ఒకలాగే ఉంటాయి కదా. గాజుగ్లాసు బోర్లించి ఒక్కోదాన్ని పట్టి, అగ్గిపుల్ల మొనతో వీపు మీద రంగు చుక్క పెట్టారు. ఒకదానికి తెల్లచుక్క, ఒకదానికి ఎర్రచుక్క. చుక్క పెట్టిన క్షణం నుంచీ కందిరీగలు అనే గుంపు పోయి, తెల్లచుక్క అనే ఒకతె, ఎర్రచుక్క అనే ఒకతె మిగిలారు. జంతువుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఎవరు ఎవరో తెలియకుండా ఎవరేం చేశారో చెప్పలేం.

పొద్దున ఏడింటికి బండ మీద కూర్చుంటే భోజనానికి లేచేదాన్ని. మళ్ళీ కూర్చునేదాన్ని. కరివేపాకు చెట్టు నీడ పది దాటితే జరిగిపోయేది. తెల్లచుక్క మట్టి ఉండ నోట కరుచుకొచ్చి, అంచు మీద నొక్కుతూ జుమ్ముమనేది. మట్టి సర్దుకోవడానికి అది ఒళ్ళు వణికిస్తుందని సార్ చెప్పారు. చెవి పెట్టి వినమన్నారు. నిజమే, జుమ్మన్నది గూడు కడుతున్నప్పుడే. అప్పటికి లోపల పురుగే లేదు. గూడయ్యాక మూతిలోంచి తొంగి చూస్తే, లోపల ఒక గుడ్డు సన్న దారంతో వేలాడుతోంది. ఆ తర్వాతే పచ్చపురుగుల్ని ఒక్కొక్కటిగా తెచ్చి కుక్కింది. చచ్చినవి కావు, అది కుట్టడంతో కదల్లేనివి. మూతికి మట్టి మెత్తి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తెల్లచుక్క ఆ గూటి దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. పాటా లేదు, ప్రదక్షిణా లేదు. పక్కన ఎర్రచుక్క తన గూడు కట్టుకుంటూ జుమ్మంటుంటే, చుక్కల్లేకపోతే నేను కూడా తల్లి తిరిగొచ్చి పాడుతోందనే అనుకునేదాన్ని. మా పెద్దమ్మా, ఆమెకు ముందు ఎన్నో తరాల వాళ్ళూ, సరిగ్గా చూసి ఎక్కడ పొరబడ్డారో నాకు అర్థమైంది.

ఇది ఎందుకు ఇలా చేస్తుంది సార్ అని రోజుకు పదిసార్లు అడిగేదాన్ని. "ఎందుకు అన్నది ఒక్క సవాల్ గాదు బిడ్డా," అన్నారు ఒకరోజు. "ఇప్పుడే మట్టి కోసం ఎందుకు లేచింది, గదొకటి. తల్లిని చూడనేలేదు, మరి కుండ చెయ్యడం దీనికి ఎట్లొచ్చింది, గదొకటి. గిట్ల చేస్తే దీని సంతానానికి ఏం లాభం, గదొకటి. దీని తాతలు ముత్తాతలు సుత గిట్లనే చేసేటోళ్ళా, గది ఇంకొకటి. నువ్వు ఏది అడుగుతున్నవో ముందు నువ్వు తెల్సుకో." పిల్లలకు పాఠం చెప్పిన ప్రతి సంవత్సరం నేను మొదటి క్లాసులో ఈ నాలుగింటినే చెప్పాను. పుస్తకాల్లో అవి ఇంకా అందంగా ఉంటాయి గానీ, ఇంత స్పష్టంగా ఉండవు.

మరోరోజు సార్ ఒక ప్రయోగం చెప్పారు. ఎర్రచుక్క బయటికి పోయినప్పుడు గూటి అడుగున చిల్లు పెడితే, తెచ్చిన పురుగులు కింద పడిపోతాయి. అది గమనించుకుంటుందా, లేక ఖాళీ గూటికే మూత పెట్టి పోతుందా, చూద్దామన్నారు. అప్పటిదాకా ఎప్పుడూ కలగజేసుకోని పెద్దమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "వద్దు మాష్టారూ. చూడండి, రాసుకోండి. దాన్ని మోసం మాత్రం చెయ్యకండి," అంది. సార్ బ్లేడు జేబులో పెట్టుకున్నారు. "సరే అక్కా. మీ ఇంట్ల పురుగు, మీ మాటనే," అన్నారు.

తెల్లచుక్క మూత పెట్టిన గూటికి మాత్రం పక్కన చిన్న కిటికీ కోసి, గాజుపలక ముక్క అతికించారు. పది రోజుల్లోపే అంతా కనబడింది. గుడ్డులోంచి వచ్చిన తెల్లటి పిల్ల పచ్చపురుగుల్ని తింటోంది. నేను గంతులేస్తూ వెళ్ళి పెద్దమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె చేతులకు పిండి ఉంది. ఒంగి గాజులోంచి చూసింది.

"చూశావా? పురుగు తుమ్మెద అవదు. దాని గుడ్డు వేరే ఉంది. పురుగు దానికి అన్నం, అంతే! నువ్వు చెప్పేదంతా అబద్ధం. ఎవరి పిల్ల వాళ్ళ పిల్లే!"

పెద్దమ్మ ఇంకా ఒంగే ఉంది. "అది మళ్ళీ రాలేదా, ఒక్కసారైనా?" అని అడిగింది.

"రాలేదు. నేను రోజూ చూశాను కదా."

ఆమె లేచి, పిండి చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. పిండి చేతులు కొంగుకు తుడుచుకునే మనిషి కాదు. లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పోపులపెట్టె కింది ఉత్తరం తీసి, పెదనాన్నను కూర్చోబెట్టి జవాబు రాయించింది. వచ్చి పిల్లని తీసుకెళ్ళమని. పెదనాన్న "ఇప్పుడేమొచ్చిందే?" అంటే, "ఎవరి పిల్ల వాళ్ళ పిల్లేనట. అదే చెప్పింది," అంది. నేను గుమ్మం ఇవతల చెప్పులు విప్పుతూ విన్నాను.

మర్నాడు పొద్దున సార్ దగ్గర వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన అంతా విన్నారు. నోటుబుక్కు పట్టుకుని మా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. "అక్కా, నాకు పురుగుల సంగతి తెల్సినంత జల్ది మనుషుల సంగతి సమజ్ కాదు. తప్పు నాదే. నేను కందిరీగ సంగతే చూపెట్టిన, మీ సంగతి గాదు. గిది జెర వినండి," అని చదవడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఏం జరిగినా రాయమని ఆయనే చెప్పారు కాబట్టి, ఎడమ పక్క నేను అన్నీ రాసేదాన్ని. 'ఏడున్నర. పెద్దమ్మ కుళాయి దగ్గర నేల తడిపింది. తెల్లచుక్క అక్కడి మట్టి తీసుకుంది. పదిన్నర. ఎండ వచ్చింది. పెద్దమ్మ నా తల మీద తడి తువ్వాలు వేసింది. పదకొండు. పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. పెద్దమ్మ మళ్ళీ నేల తడిపింది.' సార్ పేజీలు తిప్పుతూ ఒకటే గొంతుతో చదివారు. ప్రతి పేజీలోనూ నేల తడవడం, తువ్వాలు, మజ్జిగ. "ఒక్క దినం సుత తప్పలే. దీనికి ఏం పేరు పెడ్తరో నేను చెప్పను. ఎడమ దిక్కున ఉన్నది గిదీ," అని పుస్తకం మూసేశారు.

పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చునే విన్నది. చివరికి, "ఎండలకి నేలంతా బీటలిచ్చింది కదండీ. మట్టి దొరక్క తిరుగుతుంటే చూడలేక పోశాను నీళ్ళు," అంది. అంతే అంది.

కానీ అప్పటికే పెదనాన్న డ్యూటీకి పోతూ ఉత్తరం డబ్బాలో వేసేశాడు. వారానికి అమ్మ వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పొద్దుటి బండి. పెద్దమ్మ నా జడలు రెండూ గట్టిగా, కళ్ళు లాగేటంత గట్టిగా అల్లింది. అరటిపళ్ళు, పెరుగన్నం, మంచినీళ్ళ సీసా, ఒక్కొక్కటీ కిటికీలోంచి అందించింది. అన్నీ అయిపోయాక కూడా కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళనంటానేమోనని ఆమె చూసిందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు నేను, ఉండమ్మా అని ఆమె అంటుందేమోనని చూస్తున్నాను. బండి కదిలాక ఆమె రెండడుగులు నడిచి ఆగిపోయింది. నేను చూసింది అంతవరకే.

తెనాలిలో అమ్మ నన్ను బాగానే చూసుకుంది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ ఇంట్లో నా తర్వాత పుట్టిన తమ్ముడికి కూడా తెలిసిన విషయాలు నాకు తెలియవు, ఏ గిన్నె ఎక్కడుంటుందో, నాన్న ముందు ఏ మాట అనకూడదో. చదువైపోయి సికింద్రాబాద్‌లో ఉద్యోగం దొరికినప్పుడు, పెట్టె పట్టుకుని సూటిగా మెట్టుగూడకే వచ్చాను. పెదనాన్న రిటైరై, అక్కడే రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. నేను వెళ్ళేసరికి పెద్దమ్మ గుమ్మంలో పక్కవాటాల పిల్లలకు కథ చెబుతోంది. "పురుగు తుమ్మెద అవుతుందని మా కాలంలో అనుకునేవాళ్ళంరా. కాదు. దానికి వేరే గుడ్డుంటుంది. మా అమ్మాయి చూసింది," అంటోంది. తన జీవితమంతా ఆనుకున్న కథను, నేను చూశానన్న ఒక్క మాట మీద వదిలేసుకుంది. నేను లేని ఆ ఏళ్ళలో దాన్ని ఉంచుకుని ఉంటే బాగుండేదని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. ఆ వైపు మెట్రో స్తంభాల నీడ పడుతుంది. తడి మట్టి అనేది మా అపార్టుమెంటులో పూలకుండీల్లో తప్ప లేదు. నా శిష్యురాలు ఒకమ్మాయి చీమలకు బియ్యపుగింజకంటే చిన్న చీటీలు అతికించి, కెమెరా పెట్టి, ఏ చీమ ఎక్కడ తిరిగిందో కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తుంది. మేం రెండు నెలలు కూర్చుని చూసినదానికంటే ఎక్కువ అది ఒక్క పూటలో చూస్తుంది. ఆ విద్యను నేను తక్కువ చేయను. సార్ ఉంటే సంబరపడేవారు. మేము కొట్టేసిన మాటలు కూడా కొన్ని మెల్లగా వెనక్కు వస్తున్నాయి. చేపకు నొప్పి ఉందా, తేనెటీగకు సంతోషం ఉందా అని భయపడకుండా అడుగుతున్నారు, దానికి తగ్గ పరీక్షలు కడుతున్నారు. అదంతా చదివినప్పుడు నాకు ఆనందంగానే ఉంటుంది. కానీ ఎండలో కూర్చున్న పిల్ల తల మీద తడి తువ్వాలు పడినప్పటి ఆ చల్లదనం, మెడ మీంచి వీపులోకి జారే ఆ మొదటి చుక్క, దాని కోసమే నేను ఆ రోజుల్ని తలుచుకుంటాను. కందిరీగల కోసం కాదు.

పెదనాన్న పోయాక మేమిద్దరమే మిగిలాం. ఒకరోజు జనాభా లెక్కలు రాసుకోవడానికి ఒకామె వచ్చింది. పెద్దమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. వచ్చినామె ఇంటి యజమాని ఎవరని అడిగి, పెద్దమ్మ పేరు రాసుకుని, నా వైపు చూపించి "ఈ మేడం మీకేమైతదమ్మా?" అంది.

"కూతురు," అంది పెద్దమ్మ.

అనేసి, చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది. తప్పు చెబితే ఎవరినైనా సరిదిద్దే మనిషినని ఆమెకు బాగా తెలుసు.

"అవునండీ, కూతుర్నే. రాసుకోండి," అన్నాను.

వచ్చినామె రాసుకుంది. పెద్దమ్మ మళ్ళీ బియ్యంలోకి తల వంచింది. ఆ తర్వాత చాలాసేపు రాళ్ళేమీ ఏరకుండా, వేళ్ళతో బియ్యాన్ని అటూ ఇటూ కదుపుతూ కూర్చుంది.